జపాన్ 'సాధు' యువకులు: ఇది ఖనాఅతా, మజ్బూరీయా?

జపాన్ దేశంలో 2024లో పుట్టిన పిల్లలు 6,86,061 మంది. 1899 నుంచి ఆ దేశం ఈ లెక్కలు రాస్తోంది. అప్పటి నుంచి ఈ సంఖ్య 7 లక్షల కంటే తగ్గడం ఇదే మొదటిసారి. పన్నెండు కోట్లకు పైగా జనాభా ఉన్న దేశంలో ఇంత తక్కువ మంది పిల్లలు పుట్టడం అక్కడి ప్రభుత్వాన్ని కలవరపెడుతోంది. పల్లెల్లో బడులు మూతపడుతున్నాయి. ఇళ్ళు తాళాలతోనే పాడుబడుతున్నాయి. దీనికి కారకులెవరన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా పెద్దలు చాలామంది వేలెత్తి చూపేది యువకుల వైపే. ఈ కాలం కుర్రాళ్ళలో మగతనం చచ్చిపోయిందని, వాళ్ళు కారు కొనరని, తాగరని, పై పదవి కోసం పోటీ పడరని, పెళ్ళి ఊసెత్తరని వారి ఫిర్యాదు.

ఇది వినగానే మన పాఠకుల్లో కొందరికి వేరే ఆలోచన రావచ్చు. తాగకపోవడం, ఆడంబరాలకు దూరంగా ఉండడం, ఆడపిల్లల వెంట పడకపోవడం ఎప్పటి నుంచి తప్పులయ్యాయి? మా దగ్గర చదువుకునే పిల్లలు కూడా ఇదే అడిగారు. వారి ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ విషయం పైకి కనిపించినంత తేలిక కాదు. ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి ఖనాఅత్, అంటే ఉన్నదానితో మనస్ఫూర్తిగా తృప్తి పడడం. రెండోది మజ్బూరీ, అంటే గత్యంతరం లేక సరిపెట్టుకోవడం. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరి ఇంటి ముందూ కారుండదు, ఇద్దరూ సాదా బట్టలే కడతారు. ఒకరు వద్దనుకుని మానేశారు, మరొకరు అందక మానేశారు. జపాన్ యువకుల విషయంలో ఈ రెండింటినీ కలిపి ఒకే పేరుతో పిలవడమే అసలు పొరపాటని మా అభిప్రాయం.

పేరెలా వచ్చింది?

2006లో మాకి ఫుకసావా అనే రచయిత్రి ఒక వ్యాపార పత్రిక కోసం రాసిన శీర్షికలో ఈ యువకులకు 'సోషొకు దాన్షి' అని పేరు పెట్టారు. గడ్డి తినే మగవారని దాని అర్థం. ఇది తిండికి సంబంధించిన మాట కాదు. దేహ సంబంధానికి జపాన్ భాషలో వాడే పదాన్ని 'మాంసం' అనే అర్థమున్న అక్షరంతో రాస్తారు. దాని కోసం తహతహలాడని వారు కాబట్టి గడ్డి తినేవారన్నమాట. మనం బడిలో సాధుజంతువులు, క్రూరజంతువులు అని చదువుకున్నాం కదా, ఆ లెక్కన వీరిని 'సాధు' యువకులని పిలుచుకోవచ్చు.

ఫుకసావా ఆ పేరు పెట్టింది ఎగతాళికి కాదు. ఆడపిల్లలను వేటగా చూడకుండా స్నేహితుల్లా మర్యాదగా చూసే కొత్త తరం వస్తోందని ఆమె మెచ్చుకోలుగానే రాశారు. 2008లో మసహిరో మోరియోకా అనే తత్వశాస్త్ర ఆచార్యుడు ఇటువంటి యువకుల కోసమే ఒక పుస్తకం రాశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్ మళ్ళీ యుద్ధానికి వెళ్ళలేదని, మగపిల్లవాడు సైనికుడిలా కఠినంగా ఉండాల్సిన అవసరం తగ్గిందని, ఈ సాధుత్వం ఆ దీర్ఘ శాంతికి పండిన ఫలమని ఆయన ఆ తర్వాత విశ్లేషించారు. ఆలోచించదగిన మాట ఇది. కానీ పత్రికలు, టీవీలు ఈ పేరును అందుకున్నాక దాని రంగే మారిపోయింది. 2009లో అది ఆ ఏటి పది ప్రసిద్ధ కొత్త మాటల్లో ఒకటిగా ఎంపికైంది. అప్పటికే అది చేతకానివాడనే తిట్టుగా మారిపోయింది.

పాత మగతనం వెల ఎంత?

కొడుకుల్ని నిందించే ముందు తండ్రుల కాలాన్ని చూడాలి. యుద్ధానంతర జపాన్‌లో మగవాడంటే కంపెనీ ఉద్యోగి. చదువు పూర్తికాగానే పెద్ద కంపెనీలో చేరడం, పదవీ విరమణ దాకా అక్కడే ఉండడం, ఏటేటా జీతం పెరగడం ఒక తరానికి జీవిత నమూనా. వారిని 'కంపెనీ యోధులు' అని గౌరవంగా పిలిచేవారు. పని ముగిశాక పై అధికారులతో కలిసి మద్యం దుకాణాలకు వెళ్ళడం కూడా ఉద్యోగంలో భాగమే. పిల్లలు నిద్ర లేవకముందే తండ్రి ఇల్లు వదిలేవాడు, వారు పడుకున్నాక వచ్చేవాడు.

ఆ నమూనాకు ఖరీదైన హంగులూ తోడయ్యాయి. వజ్రపు నిశ్చితార్థపు ఉంగరం ఆ దేశ సంప్రదాయం కాదు. వజ్రాల వ్యాపారులు 1960ల చివర మొదలుపెట్టిన ప్రకటనలతో అది ఆచారమైంది. ఉంగరం ఖరీదు వరుడి మూడు నెలల జీతమంత ఉండాలని కూడా ఆ ప్రకటనలే తేల్చాయి. 1980ల నాటికి మంచి కారు, ఖరీదైన హోటల్లో విందు, సొంత ఇల్లు లేనివాడు మగవాడి లెక్కలోకి రాని పరిస్థితి వచ్చింది.

ఈ వెల ప్రాణాలతో కట్టినవారూ ఉన్నారు. అతిగా పనిచేసి చనిపోవడానికి జపాన్ భాషలో 'కరోషి' అని ఒక ప్రత్యేకమైన మాటే పుట్టింది. 1988లో న్యాయవాదులు బాధిత కుటుంబాల కోసం ఫోన్ సహాయ కేంద్రం పెట్టారు. ఇటువంటి మరణాలను నివారించడానికి పార్లమెంటు చట్టం చేయడానికి 2014 దాకా పట్టింది. ఆ ఇళ్ళలో పెరిగిన కొడుకు తండ్రి జీవితాన్ని చూసి, ఇటువంటి మగతనం నాకొద్దు అనుకుంటే అతణ్ణి తప్పు పట్టగలమా? ఇందులో ఖనాఅత్ పాలు తప్పకుండా ఉంది.

తలుపు మూసుకుంది

అయితే కథ ఇంతటితో ఆగలేదు. 1989 డిసెంబరు 29న టోక్యో షేర్ మార్కెట్ సూచీ 38,915కు చేరింది. ఏడాది తిరగకముందే దాదాపు సగానికి పడిపోయింది. మళ్ళీ ఆ ఎత్తును దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా, అంటే 34 ఏళ్ళు పట్టింది. కంపెనీలు పాత ఉద్యోగులను కాపాడుకోవడానికి కొత్తవారిని తీసుకోవడం తగ్గించాయి. 1993 నుంచి సుమారు పదేళ్ళ పాటు చదువు ముగించి వచ్చినవారిని అక్కడ 'ఉద్యోగాల మంచు యుగం' తరం అంటారు. జపాన్‌లో పెద్ద కంపెనీలు ఏటా ఒకేసారి, అప్పుడే చదువు ముగించినవారిని తీసుకుంటాయి. ఆ ఏడు తప్పిపోయినవాడికి ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడం అరుదు.

చట్టాలు కూడా మారాయి. మధ్యవర్తి సంస్థల ద్వారా తాత్కాలిక కార్మికులను పెట్టుకునే పద్ధతి మొదట కొన్ని పనులకే పరిమితం. 1999లో దాన్ని చాలా పనులకు, 2004లో ఫ్యాక్టరీలకు విస్తరించారు. 1990లో ఉద్యోగుల్లో అయిదుగురిలో ఒకరు తాత్కాలికం లేదా పాక్షికం. 2019 నాటికి వారు నూటికి 38 మంది. 2008లో అమెరికాలో మొదలైన ఆర్థిక సంక్షోభం జపాన్ ఫ్యాక్టరీలను తాకినప్పుడు మొదట బయట పడింది వీరే. కంపెనీ గదుల్లో ఉండేవారికి ఉద్యోగంతో పాటు నీడ కూడా పోయింది. 2008 డిసెంబరు 31న టోక్యో నడిబొడ్డున హిబియా పార్కులో స్వచ్ఛంద కార్యకర్తలు గుడారాలు వేసి అన్నం పెడితే సుమారు 500 మంది చేరారు. జనం ఎక్కువై, కార్మిక మంత్రిత్వ శాఖ తన సమావేశ మందిరాన్ని తెరిచి వారికి చోటివ్వాల్సి వచ్చింది.

'సాధు' యువకుల మీద టీవీల్లో జోకులు పేలింది సరిగ్గా ఈ రోజుల్లోనే. ఒకవైపు ఉద్యోగం పోయి పార్కులో చలికి వణుకుతున్న కుర్రాడు, మరోవైపు కారెందుకు కొనవు, పెళ్ళెందుకు చేసుకోవని అతణ్ణే దెప్పే పెద్దమనుషులు. ఇంతకంటే శోచనీయం ఏముంటుంది?

లెక్కలేం చెబుతున్నాయి?

ఇది ఖనాఅతా మజ్బూరీయా తేల్చడానికి ప్రభుత్వ లెక్కలే చాలు. 50 ఏళ్ళు వచ్చినా ఒక్కసారి కూడా పెళ్ళికాని మగవారు 1990లో నూటికి 6 మంది లోపే. 2020లో వారు 28 మంది. ఆడవారిలో ఈ సంఖ్య 18కి చేరింది. ముప్పై దాటిన మగవారిలో స్థిరమైన ఉద్యోగమున్నవారిని, తాత్కాలిక ఉద్యోగులను పోల్చి చూశారు. 30 నుంచి 34 ఏళ్ళ మధ్య స్థిర ఉద్యోగుల్లో సగం కంటే ఎక్కువ మందికి పెళ్ళయింది. తాత్కాలిక ఉద్యోగుల్లో నాలుగో వంతు మందికి కూడా కాలేదు. వయసు ఒకటే, దేశం ఒకటే. తేడా జీతపు కాగితంలో ఉంది.

మరో లెక్క ఇంకా గమనార్హం. 2021లో జరిపిన జాతీయ సర్వేలో 18 నుంచి 34 ఏళ్ళ అవివాహిత యువకులను, ఎప్పటికైనా పెళ్ళి చేసుకోవాలనుందా అని అడిగితే నూటికి 81 మంది ఉందనే చెప్పారు. ఆడపిల్లల్లో 84 మంది అదే జవాబిచ్చారు. మరి వీరంతా పెళ్ళిని తిరస్కరించినవారు ఎలా అవుతారు? జపాన్‌లో పెళ్ళి లేకుండా పుట్టే పిల్లలు నూటికి రెండు మూడు కంటే ఎక్కువ లేరు. కాబట్టి పెళ్ళి ఆగితే ఊయల కూడా ఆగుతుంది.

మనసు ఒప్పి సాదాగా బతుకుతున్నవారు లేరని మేము అనడం లేదు. ఉన్నారు. 2013 ప్రాంతంలో అటువంటివారికి 'సతోరి' తరం, అంటే జ్ఞానోదయం కలిగిన తరమని మరో పేరు కూడా వచ్చింది. వారిని గౌరవించాలి. కానీ ఆకలితో ఉన్నవాణ్ణి చూసి ఉపవాసం ఉన్నాడని మెచ్చుకోవడం ఎంత తప్పో, ఉపవాసం ఉన్నవాణ్ణి చూసి సంపాదించడం చేతకాదని తిట్టడం కూడా అంతే తప్పు.

దుకాణదారుడి దుఃఖం

ఈ గొడవలో అన్నిటికంటే బిగ్గరగా వినిపించే గొంతు వ్యాపారులది. యువకులు కార్లకు దూరమవుతున్నారని కంపెనీలు బాధపడ్డాయి. ప్రభుత్వం కూడా వెనకబడలేదు. మద్యం మీద వచ్చే పన్ను 1980లో మొత్తం పన్నుల్లో నూటికి 5 వంతులుంటే, 2020 నాటికి 1.7కు తగ్గింది. దాంతో 2022లో పన్నుల శాఖ ఏకంగా ఒక పోటీ పెట్టింది. 20 నుంచి 39 ఏళ్ళ వారు మళ్ళీ తాగడం మొదలుపెట్టేలా చేసే ఉపాయాలు చెప్పండని పిలుపునిచ్చింది! తన యువకులు తాగడం తగ్గించారని ఒక ప్రభుత్వ శాఖ దిగులు పడిన సంగతి విని మా విద్యార్థులు నమ్మలేదు. పత్రిక చూపించాల్సి వచ్చింది.

యువకుడు మనిషిగా బాగున్నాడా లేదా అన్నది ఇక్కడ ఎవరికీ పట్టలేదు. కొనుగోలుదారుగా ఎంత పనికొస్తాడన్నదే కొలత అయింది. అంగట్లో పుట్టిన ఈ కొలబద్దతోనే మగతనాన్ని కూడా కొలిచారు.

మారిన మగతనంలో మేలు

పాత మగతనం సడలడం వల్ల మేలు కూడా జరుగుతోంది. 2021 సర్వే ప్రకారం ఆరేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో ఇంటిపనికి, పిల్లల పనికి భార్య రోజుకు 7 గంటల 28 నిమిషాలు వెచ్చిస్తే, భర్త వెచ్చించింది 1 గంట 54 నిమిషాలు. భార్య మీద ఇంత బరువుండగా రెండో బిడ్డ గురించి ఆమె వెనకాడడంలో వింత లేదు. అయితే తండ్రులు మారుతున్నారు. బిడ్డ పుట్టినప్పుడు సెలవు తీసుకునే తండ్రులు 2008లో నూటికి ఒకరు. ప్రభుత్వం 2010 నుంచి ప్రచారం చేసింది, తర్వాత చట్టాలు సవరించింది. 2024లో నూటికి 40 మంది ఆ సెలవు తీసుకున్నారు. కంపెనీ యోధుడి కొడుకు తన బిడ్డను ఎత్తుకుని లాలిస్తున్నాడు. ఇది మగతనం చావడం కాదు.

జపాన్ ఒక్కటే కాదు. దక్షిణ కొరియాలో 2011 నుంచి 'మూడు వదులుకున్న తరం' అనే మాట వాడుకలో ఉంది. ప్రేమ, పెళ్ళి, పిల్లలు ఆ మూడు. అక్కడ ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 2023లో 0.72. చైనాలో 2021లో యువకులు 'వెల్లకిలా పడుకోవడం' అనే మాట అందుకున్నారు. ఎంత పరుగెత్తినా ఇల్లు కొనలేనప్పుడు పరుగెందుకని వారి ప్రశ్న. ప్రభుత్వ పత్రికలు వారిని సిగ్గులేనివారన్నాయి కానీ ఇళ్ళ ధరల గురించి వారడిగిన దానికి జవాబు చెప్పలేదు.

టోక్యో నగర ప్రభుత్వం 2024లో స్వయంగా పెళ్ళి సంబంధాల యాప్ తెరిచింది. అందులో చేరడానికి అవివాహితుడినన్న రుజువుతో పాటు ఆదాయపు రుజువు కూడా ఇవ్వాలి. మోసాలు జరగకుండా ఆ ఏర్పాటు చేసి ఉండవచ్చు. అయినా ఆదాయం లేకే పెళ్ళి ఆగినవాడు ఆ తలుపు దగ్గర కూడా జీతపు కాగితమే చూపించాలి.

మన ముంగిట

ఇదంతా దూరదేశపు కథ అని పక్కన పెట్టలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండడానికి కావలసింది 2.1. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తివేసింది. ఎక్కువ మందిని కనండని నాయకులు చెప్పడం మొదలైంది. పెళ్ళి ఖర్చు సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

జపాన్‌లో పెళ్ళి వెల వరుడి మీద పడితే, మన దగ్గర అది ఆడపిల్ల తండ్రి మీద, అన్నదమ్ముల మీద పడుతోంది. జోడేకీ రఖమ్, జహేజ్ సామాను, శాదీఖానా అద్దె, మాంఝా, సాంచక్, వందల మందికి భోజనాలు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. షరీఅత్ ప్రకారం ఇవ్వవలసినవాడు వరుడు, అది మహర్. మనం దాన్ని తలకిందులు చేశాం.

మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఉన్నాడు. తండ్రి పోయాక ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళ కోసం గల్ఫ్ వెళ్ళి పదేళ్ళు డ్రైవర్‌గా పనిచేశాడు. ఇద్దరి నికాహ్ చేశాడు, అప్పులు తీర్చాడు. తిరిగొచ్చేసరికి అతనికి 35 దాటాయి. సొంత ఇల్లు లేదని, మళ్ళీ వీసా లేదని సంబంధాలు రావడం లేదు. ఒక శుక్రవారం నమాజు తర్వాత మసీదు మెట్ల మీద ఎవరో పెద్దమనిషి, "ఏం మియా, పెళ్ళి మీద మనసు లేదా?" అని నవ్వుతూ అడిగాడు. అతనూ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు వెనక ఉన్నది ఏమిటో మాకు తెలుసు. తెలిసీ ఆ రోజు మేము నోరు విప్పలేదు. ఆ తప్పు మాది కూడా.

మగవాడు కుటుంబానికి బాధ్యుడని ఖుర్ఆన్ చెబుతుంది. ఆ బాధ్యత కారుతో, శాదీఖానా దీపాలతో కొలిచేది కాదు. పెళ్ళికానివారికి పెళ్ళిళ్ళు చేయించండి, పేదరికాన్ని చూసి వెనకాడకండి అన్న ఆదేశం నూర్ సూరాలో ఉంది. అది యువకుడికి ఇచ్చిన ఆదేశం కాదు, సమాజానికి ఇచ్చినది. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు కుటుంబం పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన సంగతి మనకు తెలిసిందే. ఇంటిపని చేసే మగవాణ్ణి ఎగతాళి చేసేవారు ఇది గుర్తు పెట్టుకోవాలి.

కాబట్టి మా విన్నపం ఒక్కటే. మీ మొహల్లాలో 30 దాటినా పెళ్ళికాని అబ్బాయిలు, అమ్మాయిలు ఎందరున్నారో మసీదు కమిటీ పెద్దలు ఒకసారి లెక్క తీయండి. ఒక్కొక్కరినీ మర్యాదగా, ఒంటరిగా కూర్చోబెట్టి కారణం అడగండి. తన ఇష్టంతో ఆగినవారిని ఇబ్బంది పెట్టకండి. ఖర్చుకు భయపడి ఆగినవారి నికాహ్ మసీదులో, ఒక్క పూట సాదా భోజనంతో జరిపించండి. ఆ పెళ్ళికి ఊళ్ళో స్తోమతున్నవారు కూడా వెళ్ళి కూర్చోండి. మన ఇంటి పెళ్ళి కూడా అలాగే చేస్తే, ఆ అబ్బాయి తల దించుకోవాల్సిన పని ఉండదు.